రాబర్ట్ ఇ. లీ అని పిలిస్తే లేచి వచ్చినవాడు

పన్నెండుమంది పాఠకులు, ఒక అమెరికన్ నవల, పదకొండు ఆదివారాలు. మా పఠనబృందం కథ ఇది. పాఠకుల్లో సగంమందికి ఇంగ్లీషులో నవల చదివే అలవాటు లేదు. నవల 1960లో వచ్చిన హార్పర్ లీ ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’. ముఖ్యమైన అధ్యాయాలను తెలుగు చేసి చదివి వినిపించడం, అవసరమైన చోట వివరించడం నా పని. డిగ్రీ కాలేజీలో ముప్ఫయ్యేళ్లు ఇంగ్లీషు పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి వివరించడం నాకు వచ్చిన విద్యేనన్న ధీమాతో వెళ్లాను. ఆ అనువాదం అచ్చు కోసం చేసింది కాదు, ఆ గదిలో చదువుకోవడానికి మాత్రమే.

మొదటి ఆదివారమే బోల్తా పడ్డాను. మొదటి రెండు పేజీలకు నేను రాసుకెళ్లిన ఫుట్‌నోట్లు పద్నాలుగు. కథ ఒక కాగితం మీద, నోట్సు ఇంకో కాగితం మీద. అందరి కళ్లూ ఆ కాగితం నుంచి ఈ కాగితానికి, ఈ కాగితం నుంచి ఆ కాగితానికి తిరుగుతున్నాయి. అరగంట గడిచాక బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒకాయన ఎంతో మర్యాదగా అడిగారు. “మాస్టారూ, కథ ఎప్పుడు మొదలవుతుంది?”

కథ తెలియనివారి కోసం నాలుగు మాటలు. అమెరికా దక్షిణాదిన అలబామా రాష్ట్రంలో మేకోంబ్ అనే కల్పిత పట్టణం. కాలం 1933 వేసవి నుంచి 1935 అక్టోబరు దాకా. కథ చెప్పేది స్కౌట్ ఫించ్ అనే అమ్మాయి, పెద్దయ్యాక చిన్ననాటి సంగతులు తలచుకుంటూ. అన్న జెమ్. వేసవి సెలవులకు వచ్చే నేస్తం డిల్. తండ్రి ఆటికస్ లాయరు. తెల్లజాతి యువతిపై అత్యాచారం చేశాడని టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి కూలీ మీద పడిన అబద్ధపు కేసును ఆటికస్ వాదిస్తాడు, ఓడిపోతాడు. వీధి చివర ఇంట్లో ఎవరికీ కనిపించకుండా బతికే బూ రాడ్లీ కథ దీనికి జంటగా నడుస్తుంది.

ఆ రాత్రి నా నోట్సు నేనే మళ్లీ చదువుకున్నాను. ఆండ్రూ జాక్సన్, అమెరికా ఏడో అధ్యక్షుడు, 1813–14లో క్రీక్ అనే మూలవాసి తెగతో జరిగిన యుద్ధంలో సేనాని. హేస్టింగ్స్ యుద్ధం, 1066, నార్మండీ ప్రభువు విలియం ఇంగ్లండును గెలిచిన యుద్ధం. ఒక్కదానిలోనూ తప్పు లేదు. అయినా అవి చదివినవారికి స్కౌట్ ఎక్కడ నవ్వుతోందో, ఎవరిని గిల్లుతోందో మాత్రం తెలియదు.

మన ఇళ్లలో ఒక పెద్దాయన “వాడిది శల్యసారథ్యంరా” అన్నాడనుకోండి. రథం తోలుతూనే కర్ణుడి గుండె నీరుగార్చిన శల్యుడి కథ గుర్తుకు రావడం ఒకటి. ఆ మాట అన్న మనిషి భారతం విని పెరిగినవాడు, ఎదుటివాణ్ణి నేరుగా తిట్టడం ఇష్టం లేనివాడు అని తెలియడం ఇంకొకటి. బదిలీ కోసం పైఅధికారి చుట్టూ తిరిగి వచ్చి “భగీరథ ప్రయత్నం చేశాను” అని చెప్పుకునే గుమాస్తా విషయంలో, ఆకాశగంగకూ ఆ బదిలీ కాగితానికీ మధ్య ఉన్న దూరమే మనకు నవ్వు తెప్పిస్తుంది. నా ఫుట్‌నోట్లు శల్యుడెవరో చెప్పి ఊరుకున్నాయి. పెద్దాయన సంగతి వాటికి పట్టలేదు.

అందుకని రెండో ఆదివారానికి రెండు ప్రశ్నలు పెట్టుకున్నాను. ఈ ప్రస్తావన ఎవరి నోట వచ్చింది? వాళ్లు దాన్ని సరిగా వాడారా, తప్పుగా వాడారా? (పాత కథనో, చరిత్రనో, పుస్తకాన్నో ఒక్క మాటతో గుర్తుచేయడాన్ని ఇంగ్లీషు విమర్శలో అల్యూజన్ అంటారు, దాన్నే ఇక్కడ ప్రస్తావన అంటున్నాను. అలంకారశాస్త్రం చదివినవారు పెదవి విరిస్తే విరవనివ్వండి.) రెండో ప్రశ్న ఏదో పంతులుగారి చాదస్తంగా పెట్టుకున్నదే. చివరికి అదే ఎక్కువ పనికొచ్చింది.

మొదటి పేజీనే మళ్లీ తీశాం. జెమ్ చెయ్యి విరగడానికి అసలు కారణం ఎక్కడుందని అన్నాచెల్లెళ్లు వాదించుకుంటున్నారు. డిల్ వచ్చిన వేసవే మొదలంటాడు జెమ్. అంత వెనక్కి వెళ్లేటట్టయితే ఆండ్రూ జాక్సన్ దగ్గరే మొదలుపెట్టాలంటుంది స్కౌట్. ఆ సేనాని క్రీకుల్ని తరిమి ఉండకపోతే తమ పూర్వీకుడు సైమన్ ఫించ్ అలబామా నదిలో పడవ వేసుకుని వచ్చేవాడే కాదు, తాము ఉండేవాళ్లమే కాదు. ఒక పిల్లవాడి మోచెయ్యికి నూట ఇరవై ఏళ్ల నాటి యుద్ధం పూచీ! కాలు ఎందుకు బెణికిందిరా అంటే తాతల నాటి గట్టు తగాదాతో ఎత్తుకునే ఊళ్లు మనకూ తెలుసు. మేకోంబ్ అలాంటి ఊరని వర్ణన లేకుండానే తెలిసిపోయింది. ఆ ఊరి కింది నేల ఎవరి దగ్గర లాక్కున్నదో కూడా అదే వాక్యంలో, నవ్వుతూ అన్న మాటలో ఉంది. మూలంలో క్రీక్ అన్న తెగ పేరు మీద, వాగు అనే అర్థం మీద ఒక శ్లేష ఉంది. అది తెలుగులోకి రాలేదు. వదిలేశాను.

హేస్టింగ్స్‌కు నోటు తీసేసి వాక్యాన్నే కాస్త వదులు చేశాను. “1066 నాటి హేస్టింగ్స్ యుద్ధంలో గెలిచిన పక్షానగానీ ఓడిన పక్షానగానీ మా వంశంవాడు ఒక్కడైనా ఉన్నట్టు దాఖలా లేకపోవడం మా బంధువుల్లో కొందరికి తలవంపులుగా ఉండేది.” ఈసారి గదిలో నవ్వు వినిపించింది. ఎటువైపు ఉన్నారన్నది కాదు, ఉన్నారా లేదా అన్నదే దక్షిణాది పెద్దింటివాళ్లకు పట్టింపు. నరసరావుపేట నుంచి వచ్చే కుర్రవాడు అందుకున్నాడు. “మా వైపు పల్నాటి యుద్ధంలో మావాళ్లున్నారని చెప్పుకునే ఇళ్లు రెండున్నాయండీ. ఎటువైపు అని అడిగితే మాత్రం మాట మారుస్తారు.”

అసలు బరువైన ప్రస్తావన ఆ పేజీల్లోనే సద్దు చేయకుండా కూర్చుని ఉంది. సైమన్ ఫించ్ ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన మెథడిస్టు. ఆ మతశాఖకు మూలపురుషుడు జాన్ వెస్లీ. సరుకు అమ్మేటప్పుడు, కొనేటప్పుడు ఎక్కువ మాటలాడవద్దన్న వెస్లీ హితవు సైమన్‌కు గుర్తుంది. మనుషుల్ని సొత్తుగా ఉంచుకోవడం గురించి గురువు చెప్పింది మాత్రం మరిచిపోయి ముగ్గురు బానిసల్ని కొన్నాడు. వెస్లీ 1774లో బానిసత్వాన్ని ఖండిస్తూ ఒక పుస్తకమే రాశాడు. ఇక్కడ నేను చేసిందల్లా ‘గుర్తుంది’, ‘మరిచిపోయాడు’ అన్న రెండు మాటలు పక్కపక్కన పడేలా చూడటం. తమ మతం చెప్పినదాంట్లో వీలైనది గుర్తుంచుకుని వీలుకానిది మరిచిపోవడం ఈ ఊరి లక్షణం. నవల చివరిదాకా అదే చూస్తాం. రచయిత్రి దాన్ని కథానాయిక సొంత వంశం నుంచే మొదలుపెట్టింది.

కథాకాలాన్ని కూడా ఆమె తేదీగా చెప్పదు. భయాన్ని తప్ప భయపడాల్సింది ఏమీ లేదని మేకోంబ్ కౌంటీకి ఈమధ్యే ఎవరో చెప్పారంటుంది. 1933 మార్చి 4న ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ అధ్యక్షుడిగా ప్రమాణం చేసినప్పటి ప్రసంగంలోని మాట అది. ఒక్క వాక్యంతో ఆర్థికమాంద్యం వచ్చింది, సంవత్సరం వచ్చింది, ఊరు రాజధానికి ఎంత దూరమో వచ్చింది. ‘చెప్పారట’ అన్న తెలుగు ‘ట’ ఆ దూరాన్ని చక్కగా పట్టింది. మన భాషకు ఆ ఒక్క అక్షరం వరం.

తర్వాత ఓల్డ్ సారం. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే మొదటి నోట్సులో నేను పూర్తిగా తప్పిపోయిన చోటు ఇదే. కనింగ్‌హాంలు అనే పేద రైతు కుటుంబాలు కౌంటీ ఉత్తర భాగంలో ఓల్డ్ సారం అనే చోట ఉంటారు. ఏదో ఊరి పేరనుకుని దాటేశాను. మూడో వారం ఇంటి దగ్గర తయారవుతుంటే ఆ పేరు ఎక్కడో విన్నట్టు తోచింది. ఇంగ్లండ్ చరిత్రలో ఓల్డ్ సారం పేరుమోసిన ‘కుళ్లిన నియోజకవర్గం’. మనుషులు ఎప్పుడో ఖాళీ చేసిన గుట్ట, ఓటర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది, అయినా పార్లమెంటుకు ఇద్దరు సభ్యులు. భూమి ఎవరిదైతే ఓటు వాళ్లది. 1832 సంస్కరణ చట్టంతో ఆ భాగోతం ముగిసింది.

ఇప్పుడు నవలలో వాల్టర్ కనింగ్‌హాం గురించి స్కౌట్ చెప్పేది చూడండి. ప్రభుత్వ పనుల్లో చేరితే అతనికి కూలి దొరుకుతుంది. కానీ పొలం బీడుపడుతుంది. తన భూమిని నిలుపుకోవడానికీ, తనకు నచ్చినట్టు ఓటు వేయడానికీ అతను పస్తులైనా ఉంటాడు. ఓటు అమ్ముడుపోయే చోటికి పెట్టింది పేరైన ఓల్డ్ సారంలో, ఓటు అమ్ముకోని మనిషి. ఇదే మనిషి తర్వాత టామ్‌ను చంపడానికి జైలు మీదికి వచ్చిన గుంపులో ఉంటాడు, స్కౌట్ పలకరింపుతో వెనక్కి తగ్గుతాడు. విచారణ ముగిశాక జ్యూరీలో టామ్‌ను విడిచిపెట్టాలని పట్టుబట్టినవాడు ఒకే ఒక్కడు, అతనూ కనింగ్‌హాంల బంధువే. మళ్లీ ఒక ఓటు. రచయిత్రి ఇదంతా లెక్కవేసుకునే ఆ పేరు పెట్టిందని నేను ప్రమాణం చేయలేను. కానీ ఆ పేరు తెలిశాక ఆ ఓటును ఇంకోలా చదవడం నా వల్ల కాలేదు.

ఈ ఓల్డ్ సారంకూ మనకూ ఒక దారం ఉంది. ఆ భూమిని కొని, దానితోపాటు ఆ పార్లమెంటు స్థానాన్నీ చేజిక్కించుకున్న థామస్ పిట్ ఆ తర్వాత మద్రాసు గవర్నరుగా వచ్చాడు. కృష్ణా తీరపు గనిలో దొరికిన పెద్ద గోల్కొండ వజ్రాన్ని ఇక్కడ కొని, 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి అమ్ముకున్నవాడు అతనే. నవలకు దీనితో పని లేదు. కానీ ఆ ఆదివారం గదిలో ఎక్కువసేపు నడిచిన చర్చ ఇదే, ఆపడం నా తరం కాలేదు.

పిల్లల ప్రస్తావనలు త్వరగా సాగిపోయాయి. డిల్ డ్రాక్యులా సినిమా చూశాడన్న ఒక్క ముక్కతో జెమ్ దృష్టిలో అతని విలువ పెరుగుతుంది. సినిమా 1931లో వచ్చింది, మేకోంబ్‌లో అలాంటివి ఆడవు. పిల్లల ఆటలన్నీ టార్జాన్, టామ్ స్విఫ్ట్ లాంటి చవక సాహస కథల నుంచి అరువు తెచ్చుకున్నవి. అవి ఆడి ఆడి విసుగెత్తాకే బూ రాడ్లీని బయటికి రప్పించాలన్న ఆలోచన డిల్‌కు వస్తుంది. పుస్తకాల్లో దయ్యాలు అయిపోయాయి, వీధి చివర ఒక దయ్యం మిగిలి ఉంది.

తప్పుగా వాడిన ప్రస్తావనకు మొదటి నమూనా కూడా పిల్లలదే. కొత్త టీచరు మిస్ కరోలిన్ కొత్త పద్ధతిలో చదువు చెబుతుంటే, అది ‘డ్యూయీ డెసిమల్ సిస్టమ్’ అని జెమ్ చెల్లెలికి గొప్పగా వివరిస్తాడు. అనుభవంతో నేర్పాలన్న తత్త్వవేత్త జాన్ డ్యూయీ వేరు, గ్రంథాలయాల్లో పుస్తకాలకు అంకెలు వేసే పద్ధతిని 1876లో ప్రచురించిన మెల్విల్ డ్యూయీ వేరు. మా బృందంలో లైబ్రేరియన్‌గా చేసినావిడ ఒకరున్నారు. నేను నోరు తెరవకముందే ఆవిడ పకపకా నవ్వారు. మిగిలినవారికి నేను చెప్పాల్సి వచ్చింది, చెప్పాక ఎవరూ నవ్వలేదు. వివరించిన హాస్యం చల్లారిన పెసరట్టు లాంటిదని పాఠాలు చెప్పే రోజుల్లోనే తెలుసు. అయినా ప్రతిసారీ ఆశ.

పేర్ల దగ్గరికి వచ్చేసరికి బృందం నాకంటే ముందు నడిచింది. కోర్టు దృశ్యం. తన కూతురి మీద అత్యాచారం జరిగిందని కేసు పెట్టిన బాబ్ యూయెల్‌ను సాక్ష్యానికి పిలవాలి. కోర్టు గుమాస్తా కేక వేస్తాడు. “రాబర్ట్ ఇ. లీ యూయెల్!” పొట్టి పుంజులాంటి మనిషి ఒకడు లేచి నిక్కుతూ బోనులోకి వస్తాడు. రాబర్ట్ ఇ. లీ అంటే బానిసత్వం మీద ఉత్తరాదికీ దక్షిణాదికీ జరిగిన అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది సేనలను నడిపినవాడు. ఓటమి తర్వాత కూడా దక్షిణాది తెల్లవారు దేవుడిలా పూజించినవాడు. యూయెల్ అన్నదీ లీ కింద పనిచేసిన ఒక సేనాని ఇంటిపేరే, రిచర్డ్ యూయెల్ 1863లో గెటీస్‌బర్గ్‌లో ఒక దళాన్ని నడిపాడు. ఇద్దరు సేనానుల పేరు మోస్తున్న మనిషి చెత్తకుప్ప పక్కన కాపురం ఉంటాడు, సహాయం కింద వచ్చిన డబ్బును తాగేస్తాడు, కూతురిని కొట్టి ఆ నేరాన్ని ఇంకొకడి మీద మోపుతాడు.

“మా పెదనాన్నగారి అబ్బాయి పేరు స్టాలిన్ అండీ,” అన్నాడు నరసరావుపేట కుర్రవాడు. “చీమకు కూడా హాని చేయడు.” లెనిన్‌లు, స్టాలిన్‌లు, గాంధీలు, బోసులు ఓటరు జాబితాల్లో బారులు తీరిన ప్రాంతం మనది. తండ్రి కల కొడుకు మెడలో పడటం ఏమిటో ఇక్కడ ఎవరికీ విడమరచనక్కరలేదు. అందుకే లీ గురించి ఒక్క వాక్యం చెబితే సరిపోయింది, మిగతాది వాళ్లే నింపుకున్నారు. ఊళ్లో పత్రిక నడిపే అండర్‌వుడ్‌కు కూడా అలాంటి పేరే ఉంది. బ్రాక్స్టన్ బ్రాగ్, 1863లో చాటనూగా దగ్గర ఓడిపోయిన దక్షిణాది సేనాని. తండ్రి సరదాగా పెట్టిన ఆ పేరును మరిపించాలని ఆయన జీవితమంతా పాటుపడ్డాడంటుంది స్కౌట్. దక్షిణాది సేనానుల పేర్లు పెడితే మనుషులు నిదానంగా, నిలకడగా తాగుబోతులవుతారని ఆటికస్ అంటాడట. నల్లవారంటే గిట్టని ఈ అండర్‌వుడ్డే జైలు దగ్గర ఆటికస్‌కు తోడుగా కిటికీలో తుపాకి పట్టుకుని కాపలా కాస్తాడు. పేరును మరిపించినవాడొకడు, పేరును ఊరేగించినవాడొకడు.

మరి ఆటికస్? ప్రాచీన రోమ్‌లో మహావక్త సిసిరో ప్రాణమిత్రుడు టైటస్ పాంపోనియస్ ఆటికస్. దేశం అంతర్యుద్ధాల్లో తగలబడుతుంటే ఏ పక్షమూ చేరకుండా, అన్ని పక్షాలతోనూ స్నేహంగా బతికి బయటపడ్డవాడు. మన ఆటికస్ కూడా ఇలాంటి కేసు రాకుండానే జీవితం గడిచిపోతుందని ఆశపడ్డానని తమ్ముడు జాక్‌తో ఒప్పుకుంటాడు. జడ్జి టేలర్ వేలు చూపించి “నువ్వే” అన్నాడు, తప్పలేదు. పేరు ఒక దారి చూపితే మనిషి ఇంకో దారి పట్టాడు.

ఈ సంభాషణలోనే నాకు గట్టి దెబ్బ తగిలింది. ఆటికస్ మాటకు జాక్ ఇచ్చే జవాబు చాలా చిన్నది. ఆ పాత్ర నీ దగ్గర నుంచి తొలగిపోవాలనుకున్నావన్నమాట, అంటాడు. నా అనువాదంలో సరిగ్గా ‘పాత్ర’ అనే రాశాను. క్రీస్తు ప్రార్థనకు సంబంధించిన మాట అని కింద నోటు పెట్టాను. చదువుతుంటే గుంటూరులో నర్సుగా చేసి రిటైరైన ఆవిడ చెయ్యెత్తారు.

“సార్, అది గిన్నె కదండీ.”

తెలుగు బైబిలులో, మత్తయి సువార్త 26వ అధ్యాయంలో, గెత్సేమనే తోటలో క్రీస్తు ప్రార్థన “ఈ గిన్నె నాయొద్దనుండి తొలగిపోనిమ్ము” అని ఉంటుంది. ఆదివారం గుడికి వెళ్లే తెలుగు కుటుంబాల్లో పిల్లలకు కూడా ఆ గిన్నె తెలుసు. ‘పాత్ర’ అంటే ఎవరికీ తెలియదు. నేను ఇంగ్లీషు మాటకు అర్థం వెతికాను. ఆ మాటకు తెలుగులో ముందే ఇల్లు ఉందని, తరతరాలుగా అందులో జనం కాపురం ఉంటున్నారని తోచనే లేదు. ‘గిన్నె’ అని మార్చి మళ్లీ చదివాను. ఆవిడతోపాటు ఇంకో ఇద్దరు తలూపారు. మిగిలిన తొమ్మిదిమందికి ఏమీ తెలియలేదు. అన్నదమ్ములు ఒకరి మాట ఒకరు అందుకుని సగం వాక్యంతో సరిపెట్టుకుంటారు, అవతలివాడికి వెంటనే అర్థమవుతుంది. తాను తప్పించుకోలేని పని ఒకటి వచ్చిందని, దాని ఖరీదు ఎంతో కూడా తెలుసని ఆటికస్ పెద్ద మాటలు వాడకుండా ఒప్పుకోవడం అది. ఆ తొమ్మిదిమందికి ఈ సంగతి నేను చెప్పలేదు. నర్సుగారే ఆ తోట కథ రెండు నిమిషాల్లో చెప్పారు. నా నోటు కన్నా వంద రెట్లు బాగుంది.

అప్పటి నుంచి పద్ధతి మార్చాను. ఏ ప్రస్తావన వచ్చినా ముందు వివరించడం మానేసి, “ఇది ఎవరికైనా ఎక్కడైనా తగిలిందా?” అని అడగడం మొదలుపెట్టాను.

ఆ ప్రశ్నతోనే మిసెస్ డుబోస్ అధ్యాయం తెరుచుకుంది. శాలువాల కింద దక్షిణాది సైన్యపు తుపాకి దాచుకుంటుందని పేరున్న ముసలావిడ. పిల్లలను, వాళ్ల తండ్రిని నోటికొచ్చినట్టు తిడుతుంది. ఆవిడ పూలమొక్కలు విరగ్గొట్టినందుకు శిక్షగా జెమ్ రోజూ వెళ్లి ‘ఐవాన్‌హో’ చదివి వినిపించాలి. 1819 చివర్లో వచ్చిన వాల్టర్ స్కాట్ నవల అది, వీరులు, కత్తులు, పౌరుషాలు నిండినది. దక్షిణాది తెల్లవారికి తమను తాము మధ్యయుగపు వీరులుగా ఊహించుకోవడం నేర్పినవాడు స్కాట్ అని, అంతర్యుద్ధానికి ఆయనా చాలావరకు బాధ్యుడని మార్క్ ట్వేన్ 1883లో ఎద్దేవా చేశాడు. ఆ తుపాకి, ఆ పుస్తకం ఒకే గదిలో ఉండటం యాదృచ్ఛికం కాదని చెప్పి నేను తృప్తిపడ్డాను.

లైబ్రేరియన్‌గారు ఇంకో అడుగు వేశారు. ఐవాన్‌హోలో రెబెకా అనే యూదు యువతిని మంత్రగత్తె అని బోనెక్కిస్తారని, ముందే తీర్పు రాసిపెట్టుకున్నవాళ్లు విచారిస్తారని, ఆమె పక్షాన ఒకడు నిలబడి పోరాడతాడని చిన్నప్పుడు సంక్షిప్త ప్రతిలో చదివిన గుర్తుతో చెప్పారు. జెమ్ ఆ పుస్తకం చదివింది వసంతంలో. టామ్ విచారణ ఆ వేసవిలోనే. ఐవాన్‌హోలో నిర్దోషి బయటపడుతుంది. తీర్పు రోజున జెమ్ అంత ధీమాగా ఎందుకున్నాడో, ఆ తర్వాత ఎందుకంత ఏడ్చాడో నాకు అప్పుడు ఇంకొంచెం అర్థమైంది. ముప్ఫయ్యేళ్లు ఈ నవల పాఠం చెప్పాను, ఈ ముడి నేనెన్నడూ చూడలేదు.

కల్పూర్నియా దగ్గర ఎక్కువసేపు ఆగలేదు, ఆగాల్సింది. ఆ ఇంటి నల్లజాతి వంటామె తన కొడుక్కి చదువు నేర్పింది బైబిలుతోనూ, పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు న్యాయశాస్త్రవేత్త బ్లాక్‌స్టన్ వ్యాఖ్యానాలతోనూ. ఆ కొడుకు చెత్తబండి తోలుతాడు. అతని చర్చిలో చదవడం వచ్చినవాళ్లు నలుగురే, మిగతావాళ్ల కోసం ఒక్కొక్క పాదమే ముందు పలికి కీర్తన పాడిస్తాడు. న్యాయశాస్త్రంలో అక్షరాలు దిద్దుకున్న కుటుంబం న్యాయస్థానంలో మేడ మీద మాత్రమే కూర్చోవాలి.

ఒకే ప్రస్తావన ఇద్దరి నోట వచ్చినప్పుడు నా మొదటి ప్రశ్న బాగా పనిచేసింది. అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్. మనుషులంతా సమానులుగా పుట్టారని అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో రాసిన జెఫర్సన్ మాటను ఉత్తరాదివారూ, వాషింగ్టన్‌లో అధికారపీఠపు ఆడ పక్షమూ మన మీద విసరడానికి ఇష్టపడతారని ఆటికస్ జ్యూరీతో అంటాడు. పేరెత్తడు. రైతులైన జ్యూరీ సభ్యులకు తాను బయటివాణ్ణి కాననిపించుకుని, ఆ నమ్మకం మీద నిలబడి, కనీసం కోర్టులోనైనా మనుషులందరూ సమానమని చెప్పబోతున్నాడు. ఆ మాటలో ఉన్న పాతకాలపు ఆడంబరం, కొంటెతనం తెలుగులో నాకు దొరకలేదు. మూడు రకాలుగా రాశాను, మూడూ చప్పగానే ఉన్నాయి. ఇక మిషనరీ సంఘపు టీ విందులో మిసెస్ మెరివెదర్ అదే ఎలినార్‌ను పేరు పెట్టి తిడుతుంది, అలబామాలోని బర్మింగ్‌హాం వచ్చి నల్లవారితో కూర్చోబోయిందని, మతి పోయిందని. ఆవిడ కోపాన్ని తెలుగు చేయడానికి ఐదు నిమిషాలు పట్టింది. ద్వేషం సులభంగా అనువాదమవుతుంది, చమత్కారం కాదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఎలినార్ బర్మింగ్‌హాం సభకు వెళ్లి తెల్లవారికీ నల్లవారికీ మధ్య దారిలో కుర్చీ వేయించుకున్నది 1938 నవంబరులో. నవలలో టీ విందు 1935లో. రచయిత్రి మూడేళ్లు ముందుకు జరిపింది, లేదా పొరబడింది. మాంద్యం నుంచి గట్టెక్కడానికి రూజ్‌వెల్ట్ తెచ్చిన జాతీయ పునరుద్ధరణ చట్టాన్ని తొమ్మిదిమంది ముసలివాళ్లు చంపారని ఆటికస్ చెప్పే మాట మాత్రం కాలానికి సరిగ్గా కుదురుతుంది, సుప్రీంకోర్టు ఆ తీర్పు ఇచ్చింది 1935 మే 27న. ఎలినార్ తేదీ సంగతి బృందానికి చెప్పాను. బ్యాంకు ఆయన ఒప్పుకోలేదు. “తిట్టేవాళ్లు తేదీలు చూసుకుంటారా మాస్టారూ” అన్నారు. తప్పు రచయిత్రిదే గానీ ఆయన మాట నాకు నచ్చింది.

మిసెస్ మెరివెదర్‌కే ఇంకో ఘనత ఉంది. కౌంటీ చరిత్ర మీద ఆవిడ రాసిన ప్రదర్శనకు లాటిన్ శీర్షిక పెట్టింది, ఆద్ ఆస్ట్రా పెర్ ఆస్పెరా. కష్టాల మీదుగా నక్షత్రాలకు అని అర్థం. ఆవిడ వేదిక మీద పల్లెజనం కోసం అనువదిస్తూ ‘బురద నుంచి నక్షత్రాలకు’ అంటుంది. అంత డాబుకు ఆ ఒక్క తప్పు చాలు. తప్పు అనువాదాన్ని అనువదించడం ఎలా? లాటిన్ స్థానంలో ‘తమసోమా జ్యోతిర్గమయ’ పెట్టి, వార్షికోత్సవాల్లో మైకు ముందు దానికి వింత అర్థాలు చెప్పేవాళ్లను గుర్తుచేద్దామా అన్న ఆశ ఒక రాత్రంతా పీడించింది. తెల్లవారాక మానుకున్నాను. అలబామా మెథడిస్టు ఆవిడ నోట ఉపనిషత్తు పలికిస్తే మేకోంబ్ మాయమై మన ఊరి కల్యాణమండపం మిగులుతుంది. లాటిన్‌ను తెలుగు లిపిలో ఉంచి, అసలు అర్థాన్ని ముందు ఆదివారమే వేరే మాటల సందర్భంలో చెప్పి పెట్టాను. వారం తర్వాత ఆవిడ తప్పు చెబుతుంటే ఐదుగురు పట్టుకున్నారు. ఫుట్‌నోటు ఎప్పుడూ తర్వాతే వస్తుంది కాబట్టి ఈ పని దానితో అయ్యేది కాదు. కొంచెం మోసమే, ఒప్పుకుంటున్నాను.

చివరి ఆదివారానికి ‘ది గ్రే గోస్ట్’ మిగిలింది. హాలోవీన్ రాత్రి యూయెల్ పిల్లల మీద దాడి చేస్తాడు, బూ రాడ్లీ బయటికి వచ్చి కాపాడతాడు, జెమ్ చెయ్యి విరుగుతుంది. ఆ రాత్రి జెమ్ మంచం పక్కన కూర్చుని ఆటికస్ ఒక పుస్తకం చదువుతుంటాడు. ఏం చదువుతున్నావని స్కౌట్ అడిగితే, జెమ్‌దేదో, ‘ది గ్రే గోస్ట్’ అట, అంటాడు. గట్టిగా చదవమంటుంది. అందులో అందరూ వెంటాడి పట్టుకున్న కుర్రవాడు ఏ తప్పూ చేయలేదని, నిజానికి మంచివాడని నిద్రమత్తులో కథ తనే చెబుతుంది. ఎదురుగా చూస్తే చాలామంది అంతేనంటాడు తండ్రి. 1926 నాటి పిల్లల సాహస కథ అని ఒక ముక్క చెప్పి నేను ఆగిపోయాను. ఈ ఒక్క ప్రస్తావననూ నవలే వివరించుకుంది, నా అవసరం లేదు అనుకున్నాను.

నర్సుగారు మొదటి వారం కాగితాలు వెనక్కి తిప్పుతున్నారు. “జెమ్‌ది అంటున్నారు కదండీ, మొదట్లో అది డిల్ పుస్తకం కాదూ?”

అవును. మొదటి అధ్యాయంలో, రాడ్లీ ఇంటి గేటు దాటలేవని పందెం కాస్తూ డిల్ రెండు టామ్ స్విఫ్ట్ పుస్తకాలకు ఎదురుగా పెట్టినది ఆ ‘గ్రే గోస్ట్’నే. జెమ్ మూడు రోజులు తటపటాయించాడు. చివరికి ఇల్లు ముట్టుకుని వస్తే చాలు, పుస్తకం మార్పిడి చేసుకుంటానన్నాడు డిల్. జెమ్ పరుగెత్తి వెళ్లి గోడ మీద అరచేత్తో కొట్టి పారిపోయి వచ్చాడు. లోపల కిటికీ తలుపు కదిలినట్టు పిల్లలకు అనిపించింది.

పుస్తకం జెమ్ చేతికి వచ్చిన దారి ఇదేనని మనం అనుకోవాల్సిందే, ఆ తర్వాత ఈ చివరి రాత్రి దాకా నవల దాని ఊసే ఎత్తదు. మొదటి అధ్యాయం కాగితం ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి వెళ్లింది. ఆ వాక్యం ఎక్కడుందో ప్రతివాళ్లూ వెతుక్కున్నారు. నా పద్నాలుగు ఫుట్‌నోట్లలో దానికి నోటు లేదు.